పుల్లమ్మ గ్లాసు

పుల్లమ్మ మంచం దిగి, నేల మీద గొంతుక్కూర్చుని, దోసిలి పట్టింది.

"పొయ్యి," అంది కోడలితో.

జ్ఞానమ్మ చేతిలో స్టీలు గ్లాసు ఉంది. పొద్దున కట్టెల పొయ్యి మీద తెర్ల కాచి, పల్చటి పంచె గుడ్డలో వడగట్టి, మూతపెట్టి చల్లార్చిన నీళ్లు. అత్త సాయంత్రం గోలీ వేసుకునే వేళ. గ్లాసు అందించబోయిన చెయ్యి అలాగే ఆగింది.

"గ్లాసుండగా చేతులెందుకత్తా?"

"పొయ్యవే. దాహమవుతుంది."

"మరి గోలీ?"

"వేసుకున్నాలే. నోరంతా చేదుగా ఉంది, పొయ్యి."

ముసలి చాదస్తమనుకుని జ్ఞానమ్మ వంగి పోసింది. పోస్తూ ఆ చేతుల్ని చూసింది. మోచేతులు డొక్కలకి ఆనించి, వేలూ వేలూ బిగించి, మెడ చాచి పుల్లమ్మ తాగుతోంది. జబ్బుకి చిక్కి రెట్టల మీద చర్మం వేలాడుతోంది గానీ ఆ దోసిలి మాత్రం చుక్క కారనివ్వలేదు. చాలనడానికి నోరు తెరవలేదు. గడ్డం కాస్త పైకెత్తింది, అంతే. పోసేవాళ్లు ఆపాలి. అలా నీళ్లు తాగడం ఎవరికీ ఒక్క పూటలో రాదు. బతుకంతా తాగితే వస్తుంది.

జ్ఞానమ్మకి ఆ చేతుల మీంచి చూపు మరలలేదు. ఎందుకో తెలియలేదు. గ్లాసు కడిగి బోర్లించేటప్పుడు అది చేతిలోంచి జారి గచ్చు మీద ఖంగున మోగింది. మంచం మీంచి అత్త, "పగిలేది కాదులే," అంది.

ఆ గ్లాసు కొన్నది పుల్లమ్మ కొడుకు, జ్ఞానమ్మ మొగుడు దేవసహాయం. పక్క ఊరి ఎలిమెంటరీ స్కూల్లో పంతులు. ఎండాకాలంలో తల్లికి పొట్టలో ఎడమ పక్క బల్ల, అంటే ప్లీహం, పెరిగి, రెండు ముద్దలకే ఆయాసం వస్తుంటే తెనాలి తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరు రక్తం చూసి గుంటూరు పంపితే, వాళ్లు తుంటి ఎముకలోంచి మూలుగ తీసి, రక్త కేన్సరని తేల్చారు. నెమ్మదిగా ముదిరే రకమనీ, గోలీలు పడితే అదుపులో ఉంటుందనీ చెప్పారు. పడ్డాయి. శ్రావణం వచ్చేసరికి బల్ల సగానికి కరిగింది. పోయినసారి తెనాలిలో డాక్టరు పొట్ట నొక్కి చూసి నవ్వాడు కూడా. నవ్వి, ఒక మాట చెప్పాడు. "మందు రోగంతో పాటు ఒంట్లో కాపలా బలాన్ని కూడా తగ్గిస్తుందండి. దగ్గూ జ్వరం ఉన్నవాళ్లని దగ్గరికి రానివ్వొద్దు. కాచిన నీళ్లే పట్టండి. శుభ్రంగా చూసుకోండి."

శుభ్రంగా అన్న మాటని దేవసహాయం గట్టిగా పట్టుకున్నాడు. డాక్టరు గదిలోంచి బయటికొచ్చి తిన్నగా తెనాలి బజారుకెళ్లి, కొత్త స్టీలు కంచం, కొత్త గ్లాసు కొని, ఇంట్లో ఎవరూ పొరపాటున ముట్టుకోకుండా రెంటి మీదా పుల్లమ్మ అని పేరు కొట్టించాడు. ఇంటికొచ్చి వంటింటి గూట్లో వాటికొక వేరే మూల చూపించాడు. వేరే చాప. వేరే చెంబు. వాకిట్లో తడికెకి కొత్తగా తాడు. ప్రేమతోనే చేశాడు, అందులో అబద్ధం లేదు. కానీ శుభ్రం అనేసరికి ఈ గడ్డ మీద పుట్టినవాడికి తట్టే దారి ఒకటే, వేరు పెట్టడం. మాలపల్లెలో పుట్టి టీచరు ట్రైనింగు చదివిన దేవసహాయానికీ ఆ దారే తట్టింది. ఆ దారే తట్టిందని అతనికి తెలియలేదు.

మర్నాడు తెల్లవారీ తెల్లవారకముందే నాట్ల ముఠా ఆడవాళ్లు తడికె అవతల నిలబడ్డారు. కాలవలకి నీళ్లొదిలారు, సార్వా నాట్లు పడ్డాయి. ఇన్నేళ్లూ ఆ ముఠాకి పెద్ద పుల్లమ్మే. ఏ చేలో ఎప్పుడు దిగాలో, ఎవరు ఏ పక్క పట్టాలో, గట్టు మీద కుండలో నీళ్లు ముందు ఎవరు తాగాలో ఆమె చెప్పాల్సిందే. ఈ ఏడు ఆ పని రంగమ్మ మీద పడింది.

"ఏమే జ్ఞానమ్మా, ముసల్దాన్ని జైల్లో పెట్టారా?" అంది రంగమ్మ.

"డాక్టరు చెప్పాడు పిన్నీ. రోగాలు అంటుకుంటాయంట."

"మాకు దాని రోగమా, దానికి మా రోగమా?"

"మీవే ఆమెకి."

"మా రోగాలన్నీ దాన్నుంచి వచ్చినవేనే. అదే కదా మమ్మల్ని వానలో నిలబెట్టి నాటించింది," అని రంగమ్మ అంటే వెనక ఆడవాళ్లు నవ్వారు. నవ్వి, లోపలికి మెడలు చాచి చూసి, చీరలు ఎగదోపుకుంటూ వెళ్లిపోయారు. మంచం మీద పుల్లమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆడవాళ్ల మాటలు కాలవ గట్టు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా కదల్లేదు.

ఆ రోజే మధ్యాహ్నం మాణిక్యాంబ వచ్చింది. ఊళ్లో పెద్ద రైతు బసవేశ్వరరావు భార్య. పుల్లమ్మ ముఠా మొదట దిగేది వాళ్ల చేలోనే. రిక్షా పల్లె మొదట్లో ఆపించి, బోరింగు దాకా నడిచి, అక్కడే నిలబడింది. ఆపైన ఒక్క అడుగు వెయ్యలేదు. రిక్షా వాడి చేత బత్తాయిల సంచి పంపించింది. పుల్లమ్మ గోడ పట్టుకుని వాకిట్లోకొచ్చి నిలబడితే, బోరింగుకీ వాకిలికీ మధ్య వీధి మీంచి ఇద్దరూ మాట్లాడుకున్నారు.

"ఎలా ఉన్నావు పుల్లమ్మా?"

"మీ దయవల్ల పర్లేదండి, అమ్మగారండి."

"చిక్కిపోయావే. బత్తాయిలు రసం తీసుకుని తాగు. మా అయ్యగారు రోజూ అడుగుతున్నారు, పుల్లమ్మ లేని నాటు నాటేనా అని."

"వస్తానండి. ఒంట్లో కాస్త కుదుటపడితే వస్తానండి."

"రావాలి మరి." మాణిక్యాంబ నవ్వింది. మంచి నవ్వే. మనసులో ఏ కుళ్లూ లేని నవ్వు. "నీ గ్లాసు మా పశువుల పాక చూర్లో అలాగే ఉంది. ఎవర్నీ తియ్యనివ్వలేదు. పుల్లమ్మ వచ్చి తాగుతుంది, ఉంచండి అన్నాను."

"అలాగేనండి," అంది పుల్లమ్మ.

చుండూరులో దళితుల్ని వేటాడి చంపి అప్పటికి రెండేళ్లు. ఆ తర్వాత పెద్దిళ్లలో మాటలు మెత్తబడ్డాయి. పరామర్శలకి వస్తున్నారు, పళ్లు తెస్తున్నారు. గ్లాసులు మాత్రం చూరులోంచి దిగలేదు.

రిక్షా వెళ్లిపోయింది. జ్ఞానమ్మ బత్తాయిల సంచితో వాకిట్లో నిలబడిపోయింది. పెళ్లయిన కొత్తలో అత్తతో ఆ పాక దగ్గరికి వెళ్లిన రోజు ఆమెకి గుర్తుంది. చూర్లో సొట్టలు పడ్డ సత్తు గ్లాసు. తాగి, కడిగి, మళ్లీ అక్కడే దోపాలి. అది కనపడని రోజు దోసిలి. నిన్న సాయంత్రం తను గ్లాసు పట్టుకుని పైనుంచి నీళ్లు పోసిన వైనం గుర్తొచ్చింది. సరిగ్గా పాక దగ్గర పాలేరు పోసినట్టే పోసింది. అత్త సరిగ్గా అక్కడ కూర్చున్నట్టే కూర్చుంది.

సంచి కింద పెట్టి లోపలికెళ్లింది. పుల్లమ్మ మంచం మీద కూర్చుని, గూట్లో వేరే మూల మెరుస్తున్న గ్లాసు వైపు చూస్తోంది.

"అత్తా," అంది జ్ఞానమ్మ.

"ఏంటే?"

"బత్తాయి రసం తియ్యనా?"

"కోళ్లకెయ్యి," అంది పుల్లమ్మ.

శనివారం పొద్దున అత్తకి దుప్పటి మారుస్తుంటే దిండు కింద ఆకూవక్కా తిత్తి దొరికింది. డాక్టరు మాన్పించాక కూడా పుల్లమ్మ ఆ గుడ్డ తిత్తిని వదల్లేదు, వాసన చూసుకుంటుంది. జ్ఞానమ్మ పక్కన పెట్టబోతే లోపల ఏవో గలగలలాడాయి. విప్పింది. ఎర్రటి గోలీలు. ఒకటీ రెండూ కాదు, పిడికెడు. కొన్ని నోట్లో నాని, మెత్తబడి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. అంటే నోట్లో వేసుకుని, ఎదురుగా మింగినట్టు నటించి, కోడలు అటు తిరగ్గానే ఉమ్మి దాస్తోందన్నమాట. జ్ఞానమ్మ వాటిని కొంగున ముడేసుకుంది.

మధ్యాహ్నం బడి నుంచి దేవసహాయం వచ్చాడు. అతని వెనకే బాపట్ల హాస్టలు నుంచి కూతురు ఎస్తేరు దిగింది. ఇంటరు చదువుతోంది. సంచి భుజాన ఉండగానే తుమ్మింది.

"ఆగక్కడ," అన్నాడు దేవసహాయం. "జలుబా?"

"రైల్లో దుమ్ము నాన్నా."

"దుమ్మో ధూళో, అరుగు మీదుండు. నాయనమ్మ దగ్గరికెళ్లకు."

"కిటికీలోంచి చూస్తే కూడా అంటుకుద్దా?" అని ఎస్తేరు కిటికీ ఊచలు పట్టుకుని, "నాయనమ్మా, మీ అబ్బాయి నన్ను వెలేశాడు," అని కేకేసింది.

"నన్ను ముందు వేశాడులే," అంది లోపల్నించి పుల్లమ్మ.

దేవసహాయం ఆ మాట విన్నాడు. విననట్టు చొక్కా గుండీలు విప్పుకున్నాడు. జ్ఞానమ్మ కొంగు ముడి విప్పి గోలీలు అతని అరచేతిలో పోసింది. ఎక్కడివో చెప్పింది. అతని మొహం నల్లబడింది. తల్లి మంచం దగ్గరికెళ్లి చెయ్యి చాపాడు.

"ఇదేంటమ్మా?"

పుల్లమ్మ తిత్తి కోసం దిండు కింద తడిమింది.

"నీకోసం సెలవులన్నీ అయిపోయినయి. తెనాలికీ గుంటూరుకీ తిరగని రోజు లేదు. పిల్లని అరుగు మీద కూర్చోబెట్టా. నువ్వు గోలీలు ఉమ్ముతున్నావా? ఆ బల్ల మళ్లీ పెరిగితే ఏం చేస్తావు?"

"పోతా."

"పోతావా."

"ఎవరైనా పోతారు. సెంటర్లో టీ కొట్టు ముందు నువ్వు మనోళ్లకని పెట్టిన వేరే గ్లాసు నేలకేసి కొట్టిన రోజు, ఊరంతా చెప్పుకున్నారు, పుల్లమ్మ కొడుకు మొగాడని. నాట్లు వేస్తూ విన్నా. బురదలోనే కూలబడి ఏడ్చా, సంతోషం పట్టలేక." పుల్లమ్మ గొంతు పెంచలేదు. గూటివైపు గడ్డం చూపించింది. "మరి ఇదెందుకు కొనుక్కొచ్చావు?"

"అదీ ఇదీ ఒకటా?"

"నా పేరు నాకు రాయడం నేర్పింది నువ్వే. వేలిముద్ర వెయ్యొద్దమ్మా, సంతకం పెట్టు అని బొగ్గుతో గచ్చు మీద దిద్దించావు. నాకు తెలిసిన అక్షరాలు అవే. ఆ మూడూ తీసుకెళ్లి దాని మీద చెక్కించావు. ఆ కామందు కూడా చూర్లో గ్లాసు మీద నా పేరు రాయించలేదురా. ఎవరన్నా చూస్తే అది పుల్లమ్మదని తెలియదు. ఇప్పుడు తెలుస్తది."

"నీకు రోగం రాకూడదని—"

"గుళ్లో పాస్టరుగారు రొట్టె విరిచి సంస్కారం ఇచ్చినప్పుడు అందరం ఒకే గిన్నెకి మూతి పెడతాం. దేవుడి ముందు లేని తేడా నీ వంటింట్లో ఎక్కడిది? సోమవారం చూపించుకోడానికి నేను తెనాలి రాను. గోలీ మింగను. ఆ గ్లాసుతో తాగను. దాహమైతే దోసిలుంది."

దేవసహాయం అరుగు మీదికొచ్చి కూలబడ్డాడు. ఎస్తేరు పక్కకి జరిగింది. జ్ఞానమ్మ గుమ్మంలో నిలబడి, "ఆ గ్లాసు తీసెయ్యండి," అంది.

"తీసేస్తే? రేపు జ్వరమొచ్చి ఏదన్నా అయితే? ఎవరు చంపినట్టు? నేనే." గోలీలు తిరిగి ఆమె చేతిలో పెట్టాడు. "నాకు గ్లాసు సంగతి తెలియదా జ్ఞానమ్మా? చిన్నప్పుడు ఆ పాక దగ్గర నేను తాగలేదా? కానీ డాక్టరు శుభ్రం అన్నాడు."

"వేరే పెట్టమన్నాడా?"

దేవసహాయం ఆలోచించాడు. "అన్నాడనే అనుకున్నా," అన్నాడు చివరికి.

ఆదివారం గుడి గంట కొట్టినా పుల్లమ్మ లేవలేదు. జ్ఞానమ్మ పోస్తే దోసిలితో తాగింది. పోసినప్పుడల్లా జ్ఞానమ్మ మొహం పక్కకి తిప్పుకుంది. సోమవారం తెల్లారగట్ల మంచం దగ్గర నిలబడి, "పోదాం అత్తా," అని ఒక్కసారి అడిగింది. పుల్లమ్మ గోడకి తిరిగింది. జ్ఞానమ్మ ఇక బతిమాలలేదు. చీర మార్చుకుని, నాని అతుక్కున్న గోలీలు చేతిరుమాలులో మూటగట్టి, ఒక్కతే భట్టిప్రోలు స్టేషనుకి నడిచి తెనాలి పాసింజరు ఎక్కింది. ఎన్నడూ ఒక్కతే డాక్టరు ముందు నిలబడింది లేదు. దారంతా చేటలో బియ్యం చెరిగినట్టు మనసు ఎగిరి పడుతూనే ఉంది.

డాక్టరు ఆ పూట ఆపరేషన్లో ఉన్నాడు. మందుల గదిలో పెద్ద నర్సు ఉంది. జ్ఞానమ్మ రుమాలు విప్పి టేబులు మీద పెట్టింది. నర్సు చూసి మొహం చిట్లించింది.

"ఎన్నాళ్లుగా మానేసిందమ్మా?"

"తెలీదండి. వారం పైనే ఉండొచ్చండి."

"వెంటనే మళ్లీ మొదలుపెట్టించు. రక్తం పరీక్షకి గురువారం తప్పకుండా తీసుకురా. ఇలా మానేస్తూ పోతే బల్ల మళ్లీ లేస్తుంది. ఈసారి మందుకి లొంగుతుందో లేదో డాక్టరుగారు కూడా చెప్పలేరు. అసలెందుకు మానేసింది?"

జ్ఞానమ్మ చెప్పింది. మొదట తడబడింది. గ్లాసు దగ్గరికొచ్చేసరికి తడబాటు పోయింది. పాక, చూరు, దోసిలి, స్టీలు గ్లాసు మీద పేరు, అన్నీ చెప్పింది. నర్సు చేస్తున్న పని ఆపి వింది. ఎక్కడి మనిషో, ఏ కులమో జ్ఞానమ్మకి తెలియదు. ఆ నర్సు కళ్లు మాత్రం కిందికి వాలాయి.

"మేము శుభ్రం అన్నాం. వేరే అనలేదు," అంది. "దగ్గూ జలుబూ ఉన్నవాళ్లని దూరంగా ఉంచాలి. ఎవరైనా సరే, కలెక్టరైనా సరే. ఒంట్లో బాగున్నవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కుని పక్కన కూర్చోవచ్చు. ఇంట్లో గ్లాసులన్నీ మరిగే నీళ్లలో కడుగు. ఆమె ఒక్కదానిదే కాదు, అందరివీ. అందరూ కాచిన నీళ్లే తాగండి. అప్పుడు ఏ గ్లాసు ఎవరిదైతే ఏంటి?"

"అందరివీనా అండి?"

"అందరివీ."

తిరుగు రైల్లో జ్ఞానమ్మ కిటికీ పక్క కూర్చుంది. పొలాల్లో వంగిన నడుములు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి. గ్లాసు తీసేస్తే సరిపోదు. తీసేసినా అత్తకి గుర్తుంటుంది, ఈ ఇంట్లో నాకో గ్లాసు వేరే పెట్టారని. పడేసిన గ్లాసు కూడా వేరే గ్లాసే. వేమూరు దాటాక ఆమె ఉన్నట్టుండి నవ్వింది. ఎదురుగా కూర్చున్న ముసలాయన ఎందుకమ్మా అని అడిగితే, "ఏం లేదు బాబాయ్, ఇంట్లో గ్లాసులు లెక్కేసుకుంటున్నా," అంది.

మంగళవారం మొగుడు బడికి పోగానే వంటింట్లో ఉన్న స్టీలు గ్లాసులన్నీ సంచిలో వేసుకుని రేపల్లె బస్సెక్కింది. సామాన్ల కొట్టు అరుగు మీద పేర్లు కొట్టే ముసలాయన కొండయ్య చిన్న ఉలీ సుత్తీ పెట్టుకుని కూర్చున్నాడు. జ్ఞానమ్మ సంచి బోర్లించింది.

"ఏం పేరమ్మా?"

"పుల్లమ్మ."

"దేనిమీద?"

"అన్నిటిమీదా."

కొండయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. "పెళ్లికి చదివింపులా?"

"కాదు బాబాయ్."

"ఓహో." గొంతు తగ్గించాడు. "పోయినావిడ పేరన పంచిపెట్టడానికా? ఎప్పుడు పోయింది?"

"పోలేదు. పోనివ్వను. కొట్టు."

ముసలాయన ఇంకేం అడగలేదు. గ్లాసుని మోకాళ్ల మధ్య ఇరికించి, చుక్క పక్కన చుక్క పెట్టుకుంటూ పోయాడు. ఒక గ్లాసు మీద అప్పటికే జ్ఞానమ్మ మేనమామ పేరుంది, పెళ్లికిచ్చింది. దాని కింద కొట్టాడు. ఒకటి దేవసహాయం గ్లాసు, కాస్త పొడుగుది. స్కూల్లో సన్మానం చేసి ఇచ్చారు, దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వడు. జ్ఞానమ్మ ఒక్క క్షణం తటపటాయించి అదీ అందించింది. పాతబడ్డ ఒక గ్లాసు అంచు దగ్గర ఉలి జారి అక్షరం వంకరపోయింది. "చదును చేసి మళ్లీ కొట్టనా?" అన్నాడు. "ఉండనీ. మా అత్త రాసినా అట్టాగే ఉంటది," అంది.

ఇంటికొచ్చి పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి గ్లాసులన్నీ అందులో వేసింది. అరుగు మీద ఎస్తేరు చూసి, "ఏంటమ్మా, గ్లాసులు ఉడకేస్తున్నావు?" అంది. "నీ జలుబు తగ్గేదాకా నువ్వక్కడే ఉండు. అది మాత్రం నిజంగా చెప్పారు," అంది జ్ఞానమ్మ. చేలనుంచి ఆడవాళ్లు తిరిగొచ్చే వేళకి తడికె తాడు విప్పేసి, వాకిట్లో సబ్బూ బకెట్టూ పెట్టింది.

"దగ్గున్నవాళ్లు బయటే ఉండండి. లేనివాళ్లు చేతులు కడుక్కుని లోపలికి రండి," అంది.

రంగమ్మ అనుమానంగా చూసింది. "జైలు ఎత్తేశారా?"

"ముందు కడుక్కో పిన్నీ."

మోచేతుల దాకా బురద కడుక్కుని ఆడవాళ్లు లోపలికొచ్చారు. పుల్లమ్మ మంచం మీద లేచి కూర్చుంది, జుట్టు ముడి సరిచేసుకుంది. జ్ఞానమ్మ గ్లాసుల్లో నీళ్లు పోసి పంచింది. రంగమ్మ గ్లాసు ఎత్తి పైనుంచి పోసుకోబోయి, చుక్కల గీతలు వేలికి తగిలి ఆగింది. చదువు రాదు. పక్కదాని గ్లాసు చూసింది. అక్కడా అవే గీతలు.

"ఇదెవరి గ్లాసే?"

"అత్తది," అంది జ్ఞానమ్మ.

"మరి దానిది?"

"అదీ అత్తదే."

పుల్లమ్మ మంచం మీంచి చెయ్యి చాచి రంగమ్మ గ్లాసు పట్టుకుని వెలుతురుకి తిప్పింది. బొటనవేలితో అక్షరాలు తడిమింది. పు. ల్ల. మ్మ. ఇంకోదాని చేతిలోది తీసుకుంది. అదీ అంతే. వంకరపోయినది దొరికినప్పుడు చాలాసేపు చూసింది. గూటివైపు చూసింది. వేరే మూల ఖాళీగా ఉంది, కంచం కూడా మిగతావాటిలో కలిసిపోయింది. ఆ కొత్త గ్లాసు ఏదో, పాతది ఏదో ఇక తెలియదు.

"నా గ్లాసులన్నీ బురద చేస్తున్నారు గదే, ముదనష్టపు ముండల్లారా," అంది.

ఆడవాళ్లు నవ్వారు. పుల్లమ్మ నవ్వలేదు. కొంగుతో ముక్కు తుడుచుకుని రంగమ్మతో అంది. "రేపు కామందు చేలోనేనా నాటు?"

"ఆ చేలోనే."

"పాక చూర్లో సత్తు గ్లాసొకటుంది. నాదే. నాది నేను తెమ్మన్నానని చెప్పి పట్టుకురా. కోళ్లకి నీళ్లు పెట్టుకోవాలి."

"అడిగితే ఏం చెప్పనే?"

"అదే చెప్పు."

అప్పుడు కోడలివైపు తిరిగింది. దోసిలి పట్టలేదు. ఒక్క చెయ్యి చాపింది. జ్ఞానమ్మ, "గురువారం రక్తం పరీక్షంట," అంటూ ఆ చేతిలో గోలీ పెట్టింది, రెండో చేతికి గ్లాసు అందించింది. అత్త గొంతు కదిలేదాకా కళ్లార్పకుండా చూసింది.

"మింగానే. నోరు చూపించమంటావా?" అంది పుల్లమ్మ. "గురువారం ఎన్నింటికి రైలు?"

పొద్దు వాలుతుండగా దేవసహాయం సైకిలు దిగాడు. తడికె తెరిచి ఉంది. ఇంటినిండా ఆడవాళ్లు. కోపంగా నోరు తెరవబోయి, వాకిట్లో సబ్బు చూసి, చేతులు కడుక్కున్నాడు. తిన్నగా గూటి దగ్గరికెళ్లి తన పొడుగు గ్లాసు తీసుకుని కుండలో ముంచబోయి ఆగాడు. తన సన్మానం గ్లాసు మీద, స్కూలు పేరు కింద, తల్లి పేరుంది. పక్కది తీశాడు. దాని మీదా ఉంది. ఇంకొకటి తీశాడు. భార్యవైపు చూశాడు. ఆమె ఆడవాళ్లకి నీళ్లు పోస్తూ ఇటు చూడలేదు.

"నా గ్లాసేదీ?" అన్నాడు చివరికి, ఎవర్నీ కాకుండా.

"నాది తీసుకోరా," అంది పుల్లమ్మ మంచం మీంచి. "ఏం కాదులే."

దేవసహాయం ఎప్పుడూ గ్లాసు ఎత్తి నోట్లో పోసుకుంటాడు. ఆ పూట అంచు పెదాలకి ఆనించి తాగాడు.